మా దివాణం గేటు బండెక్కిన కథ

ఆ రోజుల్లో బెంగళూరులో కొత్త మనిషి కనబడితే ముందుగా ‘ఏ కంపెనీ?’ అని అడిగేవారు. ఎవరి ఇంటివాడివి, మీ తాతగారెవరు అని అడిగే నాథుడు లేడు. నాకేమో ఆ ఒక్క ప్రశ్నకే జవాబు బాగా వచ్చు. చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది ఆ జవాబు చెప్పడానికే. చిత్తూరు జిల్లాలో ఒక మూల మాకొక దివాణం ఉండేది. నేను పుట్టేనాటికి ఊళ్ళు పోయాయి, ఊహ తెలిసేనాటికి పొలాలు పోయాయి, మీసాలొచ్చేనాటికి దివాణమూ పోయింది. ఠీవిని మాత్రం ఎవరూ కొనలేదు గనుక అది నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని వెంటబెట్టుకుని ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరాను. ఉద్యోగమంటే, ఆ భవనంలోని కుర్చీలూ, నీళ్ళ క్యాన్లూ, చేతులు తుడుచుకునే కాగితాలూ చూసుకోవడం. (మా తాతగారి ఎదుట ఎవరూ కుర్చీ మీద కూర్చునేవారు కాదట. ఆయన మనవడికి నాలుగంతస్తుల కుర్చీలు అప్పగించారు.) ఎవరి కుర్చీ చక్రం ఊడినా ‘అడ్మిన్!’ అని కేకేసేవారు. నేను వెన్ను నిటారుగా పెట్టి, తొందరపడకుండా, దర్బారులోకి నడిచినట్టు నడిచివెళ్ళి ఆ చక్రాన్ని పరిశీలించేవాణ్ణి. పని జరిగేది కాదు గాని, వెళ్ళడం మాత్రం బాగుండేది.

దివాణం వదిలి వచ్చేటప్పుడు మాతో వచ్చినవి ఎక్కువ లేవు. మా మేనత్త వచ్చింది. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి తిరిగివచ్చి, తల్లిలేని నన్ను పెంచిన మనిషి ఆమె. తర్వాత కొన్నాళ్ళకు పోతూ మా నాన్న నాకు వదిలిన పికప్పు బండి వచ్చింది. ముందు జీపు మొహం, వెనక సామాను తొట్టి, లోపల ఒక లివరు లాగితే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. తలుపు మీద పసుపు రంగుతో రాయించిన దివాణం పేరు సగం చెరిగి సగం మిగిలింది. ఆ బండి తొట్టిలో, తాళ్ళతో కట్టి, మా దివాణం గేటు వచ్చింది. ఇల్లు కొన్న వ్యాపారి తాళాలు అడిగిన రోజున మా నాన్న ‘ఇల్లు అమ్మినాను గాని గేటు అమ్మలేదు’ అని రెండు రెక్కలూ ఊడదీయించాడు. వ్యాపారి ఆయన్ని ఎగాదిగా చూసి, పోతే పోనీలెమ్మన్నాడట. కాడుగోడిలో మేము అద్దెకున్న ఇంటికి వాకిలే సరిగ్గా లేదు, ఇక గేటు ఎక్కడ పెడతాం? వెనక గోడకు ఆనించాం. మనిషికంటే ఎత్తు, మందపాటి ఇనుప కమ్మీలు, పైన బల్లెం మొనలు, నడుమ ఇనుముతోనే చేసిన తామరపూలు. అత్త దాని మీద దుప్పట్లు ఆరేసేది. నేను ఆఫీసు నుంచి వచ్చి, దుప్పట్ల సందుల్లోంచి కనబడే బల్లెం మొనల్ని కాసేపు చూసుకుని గాని అన్నానికి కూర్చునేవాణ్ణి కాదు.

మా ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు ప్రోగ్రాములు రాసేవాడు. ప్రతిదానిలోనూ తప్పు వెతికేవాడు గనుక అతణ్ణి అందరూ బగ్గు అని పిలిచేవారు. అతనొకసారి నా బండిని చూసి, “సార్, దీనికి ఫోర్ వీల్ డ్రైవుందా! మీరు మా క్లబ్బుకి రావాలండి,” అని పట్టుబట్టి తీసుకువెళ్ళాడు. ఆ క్లబ్బువాళ్ళు ఆదివారాలు జీపులేసుకుని, చక్కటి రోడ్డు వదిలిపెట్టి, కావాలని రాళ్ళూ గుట్టలూ ఎక్కించేవారు. (మా ఊళ్ళో బండి రాయెక్కితే డ్రైవరును తిట్టేవారు. ఇక్కడ చప్పట్లు కొట్టేవారు.) వాళ్ళందరికీ పెద్ద ఒక రిటైరైన కల్నలు. సికింద్రాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్న తెలుగు ఆయనకు కొంత మిగిలి ఉంది. మొదటిరోజే ఆయన నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తలుపు మీద పేరు దగ్గర ఆగి, “యంగ్ మ్యాన్, ఇది ఎవరి హౌస్?” అని అడిగాడు. బెంగళూరు వచ్చాక ఆ ప్రశ్న వినడం అదే మొదలు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కల్నలు పాపం టోపీ తీసి చేత్తో పట్టుకుని, టీ చల్లారిపోయినా చివరిదాకా విన్నాడు. ఆ రోజు నుంచి నేను సోమవారం నుంచి శుక్రవారం దాకా అడ్మిన్‌నీ, ఆదివారం ఫలానా ఇంటివాణ్ణీ. బండి ఉన్నంతకాలమే ఆ ఆదివారం అని నాకు తెలుసు. బండి పోతే ఆ పేరున్న తలుపూ పోతుంది, ఆ తలుపును చూసి అడిగే మనిషీ పోతాడు.

అలాంటి బండిని నేను ఒక ఆదివారం బండరాయి మీద కూర్చోబెట్టాను. చక్రాలు రాయికి అటూ ఇటూ దిగి, బండి పొట్ట మధ్యన రాయి నిలిచింది. తలుపు కింది రేకు అప్పడంలా నలిగి పైకి లేచి, తలుపు బిగుసుకుపోయింది. నేను కిటికీలోంచి బయటపడవలసి వచ్చింది. ముందు తల, ఆ తర్వాత భుజాలు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఇద్దరు చేతులు పట్టుకుని లాగారు. కల్నలు మర్యాదగా వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బండి కిందికి దూరి, అడుగున బండిని మోసే చాసిస్‌ను వేలితో గీకి, అరచేతి నిండా తుప్పు తెచ్చి నాకు చూపించాడు. “దీనికి రాక్ స్లైడర్స్ పెట్టాలి. రెండు పక్కల, డోర్స్ కింద, లావు ఇనుము. చాసిస్‌కి ఫిక్స్ చేయాలి. అప్పుడు రాయి వస్తే, వెయిట్ ఇనుము మీద పడుతుంది. బండి దాని మీద స్లైడ్ అయి పోతుంది. లేకపోతే ఇంకొక్క రాయి. ఫినిష్.” వచ్చే ఆదివారం అత్తిబెలె ఊరు దాటి పెద్ద గుట్ట ఎక్కాలని అప్పటికే నిర్ణయమైంది. స్లైడర్లు లేకుండా రావద్దనీ, బండి అంత్యక్రియలకు రావడం తనకు ఇష్టం లేదనీ కల్నలు చెప్పాడు.

ఆ మర్నాడు సెలవు పెట్టి జె.సి. రోడ్డు మీద బండి సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడ అడిగినా తళతళలాడే పైపులు తెచ్చి ముందు పెట్టేవారు. కాలుపెట్టి ఎక్కడానికి పనికొచ్చే అలంకారపు మెట్లవి. “తగొళ్ళి సార్, ఒళ్ళే షో బర్తదె,” అన్నాడొక దుకాణదారు, తీసుకుంటే బండికి మంచి షో వస్తుందని. రాయి మీద పడితే ఏమవుతుందని అడిగాను. అతను పాలిష్ గుడ్డ పక్కన పెట్టి, నా మొహంలోకి జాలిగా చూసి, “యాకె సార్ రాయి మీద పడేది? రోడ్డు ఉందల్లా?” అన్నాడు. బగ్గు విదేశీ స్లైడర్ల బొమ్మలు ఆఫీసు ప్రింటరు మీదే అచ్చు తీసి ఇచ్చాడు. ఆ బొమ్మల్లో ఇనుము ఎంత అందంగా ఉందంటే వాటి ధర అడగడం అమర్యాద అనిపించింది. చివరికి తేలిందేమిటంటే, పేటలోని ఇనుప దుకాణాల్లో లావు పైపు కొని, మా కాడుగోడిలోనే వెల్డింగు చేయించాలి. ఇంకో సెలవు అడిగితే మా మేనేజరు, కుర్చీలు తమంతట తామే నిలబడతాయా అన్నాడు. మామూలు రోజుల్లో ఆఫీసు బస్సు తెల్లవారకముందే ఎక్కించుకుని, దుకాణాలు కట్టేశాక దింపేది. ఆదివారం ఇనుప దుకాణాలు తీయరు. మిగిలింది శనివారం.

“శనివారం ఇనుము కొంటావా!” అంది అత్త, చేతిలో చేట కింద పెట్టేసి. “మీ నాయన కొనింది చాల్లేదా? ఈ బండి శనివారమే కదప్పా కొనింది. యాడుండాల్సినోల్లం యాడుండామో చూడు.”

“బండి కొనక ముందే పొలాలు పోయాయి కదత్తా?”

“అది వేరే శనివారం.”

మా నాన్న తప్ప మా వంశంలో ఎంత తిరగబడ్డవాడైనా శనివారం మేకు కూడా కొనలేదు. బగ్గు రకరకాల ఉపాయాలు చెప్పాడు. “నేను కొంటానండి, మీరు కొన్నట్టు కాదుగా?” అన్నాడు. నా కోసం కొంటే నేను కొన్నట్టే అని తీర్పు వచ్చింది. “ఫోన్లో ఫ్రైడే ఆర్డర్ చెప్పేద్దాం, సాటర్‌డే తెచ్చుకుందాం. లాజికల్‌గా అది ఫ్రైడే కొన్నట్టే కదండి?” అన్నాడు. గడప దాటిన రోజే లెక్క అని తీర్పు వచ్చింది. బగ్గు తల పట్టుకుని, ఇంత గట్టిగా రాసిన ప్రోగ్రాము తాను ఇంతవరకు చూడలేదన్నాడు. శుక్రవారం రాత్రి నేను అన్నం ముందు కూర్చుని కలపకుండా ఊరుకున్నాను. అత్త మర్నాటికి బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. కాసేపటికి తల ఎత్తకుండానే, “మనింట్లో ఉండాది కదప్పా ఇనుము. కొనేదెందుకు?” అంది.

“ఎక్కడుంది?”

“ఎనకాల. గేటు. దాన్ని కోసి పెట్టుకో.”

ఆ గేటు ముందు కలెక్టరు గుర్రం దిగి నిలబడ్డాడని మా నాన్న చెప్పేవాడు. అలాంటి గేటును, ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచు, మేనల్లుడి కోసం త్యాగం చేస్తోంది! అటువంటి త్యాగం చేసేటప్పుడు మనిషి గొంతు వణకాలి. ఆమె గొంతు వణకలేదు. అది పెద్దింటి నిబ్బరం అనుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి. ఆమె బియ్యంలోంచి ఇంకో రాయి ఏరి గోడవతలకు విసిరింది.

కాడుగోడి స్టేషను దగ్గర వెల్డింగు షెడ్డు యజమాని ఇంటా బయటా నల్లద్దాలు తీసేవాడు కాదు. అందరూ అతణ్ణి కూలింగ్ గ్లాస్ అనేవారు. తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ బెంగళూరు తెలుగువాడు. గేటును ఒకసారి తడిమి చూసి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “సార్, ఈ ఏరియాలో సగం ఇండ్లకి గేటు నాదే ఉండాది. బండికి గేటు మాత్రం యావనూ పెట్లేదు. మనమే ఫస్టు!”

“ఇది గేటు కాదయ్యా, రాక్ స్లైడరు.”

“అదే సార్. పేరు మీకు బేకాదంత పెట్టుకోండి.”

గేటు రెక్కల అంచున ఉన్న మందపాటి నిలువు కమ్మీలు రెండు కోసి, ఒక్కో తలుపు కింద ఒక్కోటి అడ్డంగా అతికించాలని నిర్ణయించాం. ఒక్కో కమ్మీకి ఒక చివర బల్లెం మొన, మధ్యన ఒక తామరపువ్వు. వాటిని కోసేస్తే నున్నటి కడ్డీ మిగులుతుంది. నేను ససేమిరా వద్దన్నాను. బల్లెం మొన ముందు చక్రం వైపు చూడాలి, తామరపువ్వు కింద వేలాడుతూ లోకానికి కనబడాలి. లేకపోతే అది మా గేటని ఎవరికి తెలుస్తుంది? బగ్గు మోకాళ్ళ మీద కూర్చుని బండి కింద చూసి, “సార్, చిన్న డౌటండి. దీని పేరే స్లైడరు కదా. రాయి మీద జారడమే దీని పని. ఈ పువ్వు తగులుకుంటుందేమోనండి,” అన్నాడు. నేను వెన్ను ఇంకొంచెం నిటారుగా చేసి, “మా గేటు ఎవరి ముందూ జారలేదు. ఇప్పుడూ జారదు,” అన్నాను. కూలింగ్ గ్లాస్ చప్పట్లు కొట్టాడు. “డైలాగు సూపర్ సార్!” చాసిస్ తుప్పు సంగతి బగ్గు అడిగితే, “రస్టుకేమి అప్పా, సుమ్నే ఇంకొంచెం వెల్డింగు ఎక్కువ వేస్తా,” అని అభయమిచ్చి, సాయంత్రం దాకా నిప్పురవ్వలు కురిపించాడు. పని అయ్యాక బండి ఆ బరువుకు కాస్త కుంగింది. బరువైన నగలు పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉందని నేననుకున్నాను. (సంకెళ్ళు వేసినట్టుందని బగ్గు అన్నాడు. అతనికి సౌందర్యదృష్టి లేదు.) అత్త వచ్చి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “రేపు నేను గూడా వస్తా,” అంది. కూరగాయలకు కూడా గడప దాటని మనిషి! ఇంటి గేటు గౌరవాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక కాబోలనుకుని, నేను కాదనలేదు.

ఆదివారం పొద్దున్నే అత్త పట్టుచీర కట్టుకుని, పెద్ద గిన్నెడు చిత్రాన్నం, కట్టెడు విస్తరాకులు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. అత్తిబెలె దాటి, రోడ్డు వదిలి గుట్ట కిందికి చేరేసరికి జీపులన్నీ వచ్చి ఉన్నాయి. కల్నలు నా బండి పక్కన వంగి చాలాసేపు చూశాడు. “మై గాడ్. ఇది ఫ్లవరా?”

“తామర, సర్.”

ఆయన ఇంకేదో అనబోయి, లోపల అత్తను చూసి, టోపీ తీసి నమస్కారం చేసి ఊరుకున్నాడు. పెద్దావిడ ఉందని మా బండిని తన జీపు వెనకే, మిగతా అందరికంటే ముందు నడపమన్నాడు. దారి రెండు బండల మధ్య సందు. ఒక బండి వెళ్తుంటే ఇంకోటి పక్కకు తప్పుకునే వీలు లేదు. సగం ఎక్కామో లేదో, ముందు చక్రం ఒక రాయి దాటి అవతల దిగింది. బండి బరువంతా కమ్మీ మీద పడింది. రేకు నలగలేదు. తలుపు బిగుసుకోలేదు. “చూశావా అత్తా!” అని నేను గర్వంగా అంటుండగా, కింద ఖణేల్‌మంది. తామరపువ్వు రాతి పగులులోకి దిగి, రేకులు విప్పి పట్టుకుంది. ముందుకు కదలదు, వెనక్కి కదలదు. వెనక జీపులన్నీ వరసగా ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే మొదట నాకు కొంచెం సంతోషమే కలిగింది. ఇన్నేళ్ళకు మళ్ళీ మా గేటు దగ్గర జనం ఆగారు.

కల్నలు తన జీపుకు తాడు కట్టి లాగాడు. మా బండి ముసలి ఏనుగులా మూలిగింది. కింద పొలుసులు పొలుసులుగా తుప్పు రాలింది. కమ్మీ మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. ఆయన తాడు సడలించి, వెల్లకిలా పడుకుని కిందికి దూరి, బయటికి వచ్చేటప్పటికి ఆయన మొహంలో మిలిటరీ ఆసుపత్రి డాక్టరు కనిపించాడు. “చాసిస్ చిరుగుతున్నది. ఇంకోసారి లాగితే ముందు సగం నాతో వస్తుంది, వెనక సగం ఇక్కడ ఉంటుంది. కట్ ద ఫ్లవర్, మ్యాన్.” తన పెట్టెలోంచి ఇనుము కోసే రంపం తీసి నాకు అందించాడు.

నేను అందుకోలేదు. పువ్వు కోస్తే అది ఎవరింటి గేటు? కోయకపోతే బండి దక్కదు. బండి లేకపోతే నేనెవరిని? ఎండలో ఆ రాళ్ళ మధ్య నిలబడి, నా వంశమంతా ఇటు ఒక తుప్పు చాసిస్‌గా, అటు ఒక ఇనుప పువ్వుగా తేలిపోయిందని నాకప్పుడు అర్థమైంది. దేన్ని వదులుకున్నా రెండోది మిగలడం దండగ. అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాను. బగ్గు పరుగెత్తుకొచ్చాడు. “సార్, ప్లీజండీ. వెనకొకాయనకి హ్యాండ్‌బ్రేకు పనిచేయట్లేదంట. బ్రేకు మీద కాలు తీస్తే కిందికి పోతానంటున్నాడు. కాలు తిమ్మిరెక్కిందంటండి.” నేను వినిపించుకోలేదు. కాసేపటికి లోపలినుంచి అత్త, “అప్పా, నన్ను దించు,” అని పిలిచింది.

తలుపు తీశాను. బండి ఎత్తున నిలిచిపోవడం వల్ల ఆమె ఆ కమ్మీ మీద కాలు పెట్టి దిగాలి. ఒక పాదం బల్లెం మొన పక్కన ఆనించి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆమె అక్కడే ఆగింది. కిందికి చూసింది. తర్వాత రెండో కాలు దాటించి రాయి మీద దిగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

“ఏమిటత్తా?”

“ఏం లేదప్పా. దీన్ని దాటింది ఈ పొద్దే మొదలు.”

నాకు అర్థం కాలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఆడోల్లం దొడ్డిదోవనే కదప్పా పోయేది, వచ్చేది. పెండ్లయి పోయేటప్పుడు దొడ్డిదోవే. ఆయన పోయినాక తిరిగొస్తే దొడ్డిదోవే. మీ నాయన గేటు పీకించి బండికెత్తించినాడే, ఆ పొద్దు గేటున్న చోటు బోసిగా ఉండాది. మేకలు గూడా లోపలికొస్తా ఉండాయి. అప్పుడు గూడా నన్ను దొడ్డిదోవనే రమ్మన్నాడు. నేనట్లనే వచ్చినా.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వు అడిగితివా? నువ్వు దాని పక్క చూసుకుంటా అన్నం తింటా ఉంటివి. సంతోషంగా తింటాండాడు కదా అనుకుంటిని. నాకు దుప్పట్లు ఆరేసేదానికి బాగుండె. వానొస్తే తుప్పు మరకలయ్యేటివి, అంతే.” కల్నలు చేతిలోని రంపం తీసుకుని, నా చేతిలో పెట్టింది. “కొయ్యప్పా. పాపం, ఆ యెనకాయప్పకి కాలు నొప్పి పెడతా ఉంటుంది.”

త్యాగమని నేను కన్నీళ్ళు పెట్టుకున్న రాత్రి ఆమెకు నా కడుపు నిండటం మాత్రమే కావాలి. ఆ సంగతి అంత ఎండలో, అంతమంది ముందు తెలియడం నాకు కిటికీలోంచి బయటపడటం కంటే కష్టంగా ఉంది. ఇక చేసేదేముంది? బండి కిందికి దూరాను. మా వంశంలో మట్టిలో వెల్లకిలా పడుకున్న మొదటివాణ్ణి నేనే అయివుంటాను. రంపం బ్లేడు విరిగింది. ఇంకోటి ఇచ్చారు, అదీ విరిగింది. తుప్పు కళ్ళలో పడింది. పైనుంచి తలొకరు తలో సలహా ఇచ్చారు. హారన్లు మానేసిన జీపులవాళ్ళు రాళ్ళ మీద కూర్చుని క్రికెట్టు మాట్లాడుకున్నారు. ఒక్కో రేకూ తెగి నా ఛాతీ మీద పడుతుంటే, ఎవరో నన్నే కొంచెం కొంచెంగా కోస్తున్నట్టుంది. ఆఖరి రేకు తెగిన తర్వాత కల్నలు మళ్ళీ మెల్లగా లాగాడు. నున్నబడిన ఆ కమ్మీ రాయి మీద, కిర్రుమని కూడా అనకుండా, జారింది. వెనకవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బ్రేకు మీద కాలున్నాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

నేను ఇంటికి పోదామన్నాను. “ఎనక్కెందుకు? ఇంతదూరం వచ్చి పైన ఏముండాదో చూడకుండా పోతారా?” అంది అత్త. పైన ఏమీ లేదు. బోడి బండ, గాలి, ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ సీసాలు. దూరాన తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన లారీలు. అత్త ఆ బండ మీద ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. నడిచి నడిచి అలిసిపోయి, అందరికీ ఆకులు వేసి చిత్రాన్నం వడ్డించింది. బగ్గు తన కెమెరాతో ఒక ఫోటో తీశాడు.

బండి చాసిస్‌కు అతుకులు వేయించుకుని ఆ తర్వాత కొన్నేళ్ళు నడిచింది. చివరికి ఏ రాయీ తగలకుండా, కాడుగోడి మార్కెట్టు దగ్గర చదునైన రోడ్డు మీద తనంతట తానే కూలబడింది. అత్త కూడా ఇప్పుడు లేదు. ఫోటో ఉంది. అందులో కల్నలు వేళ్ళు నాకుతున్నాడు. బగ్గు ఆకు మాత్రమే కనిపిస్తుంది, ఎందుకంటే అతను కెమెరా వెనక ఉన్నాడు. గరిటె ఎత్తిపట్టుకుని అత్త ఎవరినో, ఇంకొంచెం పెట్టుకోమని బలవంతం చేస్తోంది. అందరూ కింద కూర్చుని తింటున్నారు. వాళ్ళ వెనక, తలుపు మీద పేరు కనబడేలా బండికి ఒక పక్కగా జరిగి, ఒళ్ళంతా తుప్పూ మట్టీతో, యుద్ధం గెలిచినవాడిలా గడ్డం పైకెత్తి ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అతని ముందు ఒక ఆకు వేసి ఉంది. దాని నిండా వడ్డించి ఉంది. గాలికి ఎగరకుండా ఆకు అంచు మీద ఎవరో చిన్న రాయి కూడా పెట్టారు. ఒకప్పుడు ఆ ఫోటోలో నాకు ఆ కుర్రవాడు నిలబడిన తీరు ఒక్కటే కనిపించేది, బాగానే నిలబడ్డాననుకునేవాణ్ణి. ఈమధ్య ఆ ఆకే కనిపిస్తోంది. కూర్చోవయ్యా, ఎవరూ నీ వైపు చూడటం లేదు, కూర్చుని తిను అని అతనికి చెప్పాలనిపిస్తుంది.